డిష్ మనమే బిగించుకోవచ్చా? డాబా మీద రెండు రోజులు నాకు నేర్పిన పాఠం

మా నాయనమ్మ ఖమ్మం దగ్గర ఒక పల్లెలో ఒక్కతే ఉంటుంది. పోయిన జూన్‌లో రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఊళ్లోకి వచ్చే కేబుల్ తెగిపోయింది. వారంలో వేస్తామన్నారు, నెల గడిచింది. నేను ఫోన్ చేసినప్పుడల్లా ఆమె అడిగేది ఒక్కటే: "బిడ్డా, బొమ్మ ఎప్పుడొస్తది?" ఆ ఇంట్లో ఆమెతో మాట్లాడే మనిషి గొంతు టీవీ ఒక్కటే. అందుకే ఆ ప్రశ్న వినడం నాకు కష్టంగా ఉండేది.

టౌన్‌లో ఒక షాపులో అడిగితే సామాను వెంటనే ఇస్తామన్నారు. బిగించే కుర్రాడు మాత్రం "రేపు" అన్నాడు. ఆ రేపు పది రోజులైంది. చివరికి సామాను నేనే కొనుక్కుని శనివారం పొద్దున బస్సెక్కాను. రోజూ ఫోన్లు, రౌటర్లు, ఇయర్‌బడ్స్ విప్పి చూసేవాణ్ణి, ఒక గొడుగులాంటి డిష్ నాకెంత అనుకున్నా.

మొదటి రోజు పొద్దున పది నుంచి చీకటి పడేదాకా ఒక్క ఛానెల్ కూడా రాలేదు. రెండో రోజు నలభై నిమిషాల్లో పని అయిపోయింది. డిష్ అదే, బాక్స్ అదే, డాబా అదే. మధ్యలో మారింది ఏమిటో, మీరు ఆ మొదటి రోజును తప్పించుకోవడం ఎలాగో ఈ ఆర్టికల్‌లో చెప్తాను.

ముందు ఒక్క నిమిషం థియరీ

నేను పెట్టింది డీడీ ఫ్రీ డిష్. దూరదర్శన్ నడిపే ఈ సర్వీస్ 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అనే పేరుతో మొదలైంది. నెలనెలా కట్టేది ఏమీ ఉండదు, సామానుకు ఒకసారి పెడితే చాలు. ఇప్పుడు ఈ సిగ్నల్ జీశాట్-15 అనే ఇస్రో ఉపగ్రహం నుంచి వస్తోంది. 2015 నవంబరులో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్-5 రాకెట్ మీద దాన్ని పంపారు. భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, దాదాపు 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. భూమి ఎంత వేగంతో తిరుగుతుందో అదీ అంతే వేగంతో తిరుగుతుంది కాబట్టి మనకు ఆకాశంలో కదలకుండా ఒకేచోట ఉన్నట్టు లెక్క. అందుకే డిష్‌ను ఒకసారి బిగిస్తే చాలు.

డిష్ చేసే పని అద్దం పని. తన మీద పడ్డ సిగ్నల్‌ను ముందు చేతి మీద ఉన్న ఎల్ఎన్‌బీ నోట్లోకి మళ్లిస్తుంది. ఎల్ఎన్‌బీ ఆ సిగ్నల్‌ను పెంచి, కేబుల్‌లో ప్రయాణించగలిగేలా ఫ్రీక్వెన్సీ తగ్గిస్తుంది. ఉదాహరణకు 11090 మెగాహెర్ట్జ్ మీద వచ్చిన సిగ్నల్ నుంచి 9750 తీసేసి, 1340 మెగాహెర్ట్జ్‌గా మార్చి కిందికి పంపుతుంది. దానికి కావాల్సిన కరెంటు కూడా అదే కేబుల్ మీద బాక్స్ నుంచే వెళ్తుంది: వర్టికల్ సిగ్నల్ కావాలంటే 13 వోల్టులు, హారిజాంటల్ కావాలంటే 18 వోల్టులు.

పెయిడ్ డీటీహెచ్ ఉన్నవాళ్లకు కూడా ఈ పద్ధతి మొత్తం ఇదే, ఉపగ్రహం మాత్రమే వేరు. టాటా ప్లే 83 డిగ్రీల దగ్గర, డీ2హెచ్ 88 దగ్గర, డిష్ టీవీ 95 దగ్గర, ఎయిర్‌టెల్ 108.2 దగ్గర ఉంటాయి. సన్ డైరెక్ట్ 93.5, 91.5 రెండు చోట్లా ఉంది. ఇల్లు మారినప్పుడు డిష్ మళ్లీ బిగించుకోవాలన్నా ఇదే లెక్క. ఈ అంకెల్ని కొంచెం గుర్తుపెట్టుకోండి, నా మొదటి రోజు కథ వీటి చుట్టూనే తిరుగుతుంది.

ఏమేం కావాలి

• 60 సెంటీమీటర్ల డిష్, దాని స్టాండ్, క్లాంపులు
• యూనివర్సల్ ఎల్ఎన్‌బీ
• ఫ్రీ టు ఎయిర్ బాక్స్. ఎంపెగ్-4 సపోర్ట్ చేసేదే తీసుకోండి, పాత ఎంపెగ్-2 బాక్సుల్లో కొన్ని ఛానెళ్లు రావు
• ఆర్‌జీ-6 కేబుల్, నాలుగు ఎఫ్ కనెక్టర్లు. రెండు సరిపోతాయి, కానీ మొదటిసారి రెండు పాడవుతాయి
• డ్రిల్లింగ్ మిషన్, యాంకర్ బోల్టులు, 10, 11, 13 నంబర్ పానాలు
• రసమట్టం. మేస్త్రీ దగ్గర ఉంటుంది, ఒక పూటకు అడిగితే ఇస్తాడు
• మార్కర్ పెన్ను, ఇన్సులేషన్ టేపు, నాలుగు కేబుల్ టైలు

నాకు మొత్తం 1,850 రూపాయలైంది, డ్రిల్లింగ్ మిషన్ పక్కింటివాళ్లది. ఇక సూది కదిలే చిన్న శాట్‌ఫైండర్ మీటర్ ఒకటి షాపులో చూపిస్తారు. నేనూ కొన్నాను. దాని సంగతి తర్వాత చెప్తాను.

చోటు ఎక్కడ?

మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడున్నా జీశాట్-15 ఆగ్నేయం వైపే ఉంటుంది, విశాఖ వైపు వెళ్లేకొద్దీ కాస్త దక్షిణానికి జరుగుతుంది. ఎత్తు మాత్రం చాలా ఎక్కువ, 60 డిగ్రీల పైమాటే. అంటే తల బాగా పైకెత్తి చూడాలి. దీనివల్ల మనకో లాభం ఉంది. ఖమ్మంలో ఎత్తు కోణం 64.5 డిగ్రీలు. ఆ లెక్కన డిష్ కంటే 10 మీటర్లు ఎత్తున్న కొబ్బరిచెట్టు ఆ దిక్కులో ఐదు మీటర్ల లోపు ఉంటేనే అడ్డొస్తుంది. ఆరేడు మీటర్ల అవతల ఉంటే భయం లేదు. "మా ఇంటెదురుగా చెట్టుంది, డిష్ పెట్టలేం" అనుకునేవాళ్లు ఒకసారి ఈ లెక్క వేసుకోండి. కొమ్మలు పెరుగుతాయి కాబట్టి కాస్త ఖాళీ ఎక్కువే వదలండి.

పిట్టగోడ మీద కాకుండా డాబా నేల మీదే స్టాండ్ బిగించడం మేలు. పాత పిట్టగోడ ఒంటి ఇటుకతో కట్టింది అయితే గాలివానకు డిష్ ఊగి బోల్టు దగ్గర పగులుతుంది. నేల మీద అయితే నిలబడి పనిచేయడానికి కూడా హాయి. స్లాబ్‌కు డ్రిల్ చేసిన చోట నీళ్లు దిగకుండా బోల్టుల చుట్టూ సీలెంట్ పెట్టడం మర్చిపోకండి. నాయనమ్మ మొదట అడిగిన ప్రశ్న కూడా అదే: "స్లాబ్ కారదు గదా?"

స్టాండ్ బిగించాక పైపు నిట్టనిలువుగా ఉందో లేదో రసమట్టంతో రెండు వైపుల నుంచీ చూడండి. ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి. ఇది అందరూ వదిలేసే స్టెప్. పైపు వంకరగా ఉంటే డిష్‌ను పక్కకు తిప్పుతున్నప్పుడు ఎత్తు కూడా మనకు తెలియకుండా మారిపోతూ ఉంటుంది. అప్పుడు బ్రాకెట్ మీదున్న డిగ్రీల స్కేలుకు అర్థమే ఉండదు.

కేబుల్, కనెక్టర్

కేబుల్ పైతోలు ఒక సెంటీమీటరుకు పైగా తీసి, అల్లిక తీగల్ని వెనక్కి మడిచి, లోపలి తెల్ల ఇన్సులేషన్ కోసి, కనెక్టర్ తిప్పుతూ ఎక్కించాలి. మధ్య రాగి తీగ కనెక్టర్ అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి కనిపిస్తే చాలు. అల్లికలోని ఒక్క వెంట్రుకలాంటి తీగ ఆ రాగికి తగిలినా షార్ట్ అవుతుంది. బాక్స్‌లో ఎల్ఎన్‌బీ షార్ట్ అని మెసేజ్ వస్తే డిష్ దగ్గరకు కాదు, ముందు కనెక్టర్ దగ్గరకు వెళ్లండి. కనెక్టర్ పెట్టేటప్పుడు, తీసేటప్పుడు బాక్స్ ప్లగ్ పీకేసి ఉండాలి.

కేబుల్ ఇంట్లోకి దిగేచోట ఒక చిన్న ఉచ్చులా కిందికి వేలాడదీసి తర్వాత కిటికీలోకి తీసుకెళ్లండి. వాన నీళ్లు కేబుల్ వెంబడి జారి బాక్స్‌లోకి రాకుండా ఆ వంపు దగ్గరే బొట్లుగా పడిపోతాయి. ఎల్ఎన్‌బీ దగ్గరి కనెక్టర్‌కు టేపు గట్టిగా చుట్టండి. ఆరు నెలల తర్వాత సిగ్నల్ తగ్గిందంటే చాలాసార్లు అక్కడ తుప్పు పట్టి ఉంటుంది.

బాక్స్ సెట్టింగ్స్

మెనూలో ఇన్‌స్టాలేషన్‌లోకి వెళ్లి 93.5 డిగ్రీల ఉపగ్రహాన్ని ఎంచుకోండి. ఎల్ఎన్‌బీ టైప్ యూనివర్సల్, 9750/10600. ఎల్ఎన్‌బీ పవర్ ఆన్. 22 కిలోహెర్ట్జ్ ఆటో. డైసెక్ ఆఫ్. ట్రాన్స్‌పాండర్ లిస్ట్‌లో ఫ్రీ డిష్‌ది ఏదో ఒకటి సెలెక్ట్ చేసి స్క్రీన్ అక్కడే వదిలేయండి. కింద రెండు గీతలు కనిపిస్తాయి: ఒకటి స్ట్రెంత్, రెండోది క్వాలిటీ.

దిక్కులు, కోణాలు

నేను లెక్కగట్టి పెట్టుకున్న అంకెలు ఇవి. మొదటిది ఉత్తరం నుంచి గడియారం తిరిగే దిశలో కొలిచే దిక్కు, రెండోది నేల నుంచి ఎత్తు. అన్నీ 93.5 డిగ్రీల ఉపగ్రహానికి.

• హైదరాబాద్: దిక్కు 138, ఎత్తు 63
• వరంగల్: దిక్కు 141, ఎత్తు 63.5
• ఖమ్మం: దిక్కు 141, ఎత్తు 64.5
• ఆదిలాబాద్: దిక్కు 141.5, ఎత్తు 61
• విజయవాడ: దిక్కు 141, ఎత్తు 65.5
• విశాఖపట్నం: దిక్కు 149, ఎత్తు 66
• తిరుపతి: దిక్కు 133, ఎత్తు 67
• అనంతపురం: దిక్కు 132, ఎత్తు 65

మీ ఊరు వీటి మధ్యలో ఉంటే అంకె కూడా మధ్యలోనే ఉంటుంది. డిష్ పాయింటర్ లాంటి యాప్‌లో లొకేషన్ ఇచ్చినా వస్తుంది.

ఒక ముఖ్యమైన విషయం. మన ఇళ్ల మీద ఉండేవి ఆఫ్‌సెట్ డిష్‌లు. వీటిలో ఎల్ఎన్‌బీ డిష్‌కు నట్టనడుమ ఎదురుగా కాకుండా కిందికి ఉంటుంది. అందుకే డిష్ ముఖం చూస్తున్న కోణం, నిజంగా సిగ్నల్ తీసుకుంటున్న కోణం ఒకటి కావు. రెండింటికీ 20 డిగ్రీలకు పైగా తేడా ఉంటుంది. ఖమ్మంలో 64.5 డిగ్రీల ఎత్తుకు గురిపెట్టిన డిష్ చూడ్డానికి 40 డిగ్రీల దగ్గరే చూస్తున్నట్టు కనిపిస్తుంది. కంటితో చూసి "ఇది ఇంకా పైకెత్తాలి" అనుకోకండి. ఫోన్‌ను డిష్ వీపుకు ఆనించి కోణం కొలిచినా తప్పే వస్తుంది. బ్రాకెట్ పక్కనున్న స్కేలు సాధారణంగా ఈ తేడాను కలుపుకునే ముద్రిస్తారు, దాన్నే నమ్మండి.

మొదటి రోజు: స్ట్రెంత్ 86, క్వాలిటీ 0

ఇక నా ఘనకార్యం. ఫోన్‌లో కంపాస్ యాప్ తెరిచి, దాన్ని స్టాండ్ పైపుకు ఆనించి 141 డిగ్రీలు చూసుకున్నా. డిష్ తిప్పా. కింద మా బాబాయి కొడుకు టీవీ ముందు కూర్చుని అరిచాడు: "అన్నా, 86 వచ్చింది!" నేను ఎగిరి గంతేశా. "క్వాలిటీ ఎంత?" "జీరో."

స్ట్రెంత్ 86 ఉందంటే దాదాపు వచ్చేసినట్టే కదా అనుకున్నా. ఇంకొంచెం తిప్పా. 87. ఇంకొంచెం. 85. క్వాలిటీ జీరో. శాట్‌ఫైండర్ మీటర్ తగిలించా, సూది చివరిదాకా వెళ్లి కీచుమంది. క్వాలిటీ జీరో. మధ్యాహ్నానికి ఎల్ఎన్‌బీ పాడైందని, సాయంత్రానికి బాక్స్ పాడైందని డిసైడ్ అయ్యా. చీకటి పడ్డాక కోపంతో డిష్‌ను నేలవైపు వంచేశా. కిందనుంచి తమ్ముడు: "అన్నా, ఇంకా 80 చూపిస్తోంది."

ఆ మాటతో విషయం వెలిగింది. నేల వైపు చూస్తున్న డిష్‌కు 80 ఎక్కడి నుంచి వస్తుంది?

స్ట్రెంత్ అంటే కేబుల్‌లో ఎంత శక్తి వస్తోందో కొలత. అందులో ఎల్ఎన్‌బీ తనంతట తాను పుట్టించే హోరు కూడా ఉంటుంది. ఎల్ఎన్‌బీకి కరెంటు అందుతోంది, కేబుల్ బాగుంది అని చెప్పడం తప్ప అది మనకు చేసే మేలు పెద్దగా లేదు. క్వాలిటీ వేరు. బాక్స్ తను వెతుకుతున్న ట్రాన్స్‌పాండర్‌ను గుర్తుపట్టి, అందులోని డేటాను తప్పుల్లేకుండా చదవగలుగుతున్నప్పుడే ఆ గీత కదులుతుంది. ఒక్క మాటలో చెప్పాలంటే స్ట్రెంత్ అంటే జాతర హోరు, క్వాలిటీ అంటే ఆ హోరులో మనవాడి గొంతు. ఆ చవక మీటర్ కూడా హోరునే కొలుస్తుంది. ఏదో ఒక ఉపగ్రహం వైపు తిరిగినప్పుడు సూది కొంచెం లేస్తుంది నిజమే, కానీ అది ఏ ఉపగ్రహమో చెప్పలేదు. కొత్తవాళ్లకు అనవసరమైన ఖర్చు.

ఇంకో సంగతి. పాత యాంటెన్నా రోజుల్లో ఒకరు మేడ మీద తిప్పుతుంటే ఇంకొకరు కిందనుంచి "వచ్చింది, వచ్చింది... పోయింది!" అని అరిచేవాళ్లు గుర్తుందా? అప్పుడు చుక్కల మధ్యలోంచి బొమ్మ కొద్దికొద్దిగా తేలేది, దగ్గరికొస్తున్నామని తెలిసేది. డిజిటల్‌లో ఆ సుఖం లేదు. సరైన చోటుకు వచ్చేదాకా సున్నా, వచ్చాక ఒక్కసారిగా అంతా. అందుకే గుడ్డిగా తిప్పితే ఎప్పటికీ దొరకదు, పద్ధతిగా వెతకాలి.

రెండో రోజు: ముందు దిక్కు సరిచేసుకోవడం

పొద్దున్నే నేను మళ్లీ పైపు దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడితే నాయనమ్మ టీ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. "ఎటు పెట్టాల్నట?" "ఆగ్నేయం నాయనమ్మా." ఆమె డిష్ వైపు చూసి నవ్వింది. "మరి ఇది దక్షిణం చూస్తున్నది గదరా. మన వంటిల్లు ఎటుంది?"

ఆగ్నేయ మూలన వంటిల్లు ఉన్న ఇల్లు అది. వంటింటి మూల వైపు చూస్తే నా డిష్ దాదాపు 30 డిగ్రీలు పక్కకు తిరిగి ఉంది. ఫోన్ కంపాస్ లోపల ఉండేది అయస్కాంత సెన్సర్. ఇనుప పైపుకు ఆనిస్తే అది ఆ ఇనుము ప్రభావంలో పడిపోతుంది. స్లాబ్‌లోని ఇనుప చువ్వలు, వాటర్ ట్యాంక్ స్టాండ్, ఫోన్ కవర్‌లో ఉండే అయస్కాంతం, అన్నీ అంతే.

కాబట్టి కంపాస్ వాడే సరైన పద్ధతి ఇది:

1. ఫోన్ కవర్ తీసేయండి. ఫోన్‌ను గాల్లో ఎనిమిది అంకెలా నాలుగుసార్లు తిప్పి కాలిబ్రేట్ చేయండి.
2. ఇనుముకు నాలుగైదు మీటర్ల దూరంగా, స్టాండ్‌కు వెనుక వైపు నిలబడండి. వీలైతే కిందికి దిగి ఖాళీ స్థలంలో కూడా ఒకసారి చూడండి. రెండు చోట్లా ఒకే దిక్కు చూపిస్తే నమ్మొచ్చు.
3. ఆ దిక్కులో దూరంగా కనిపించే గుర్తు ఒకటి పట్టుకోండి. నాకు 141 డిగ్రీల దగ్గర పక్క ఊరి వాటర్ ట్యాంక్ దొరికింది.
4. ఇక ఫోన్ జేబులో పెట్టేసి, డిష్ చేయిని ఆ గుర్తు వైపు తిప్పండి.

అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మన ప్రాంతంలో తేడా ఒక డిగ్రీ అటూఇటూ మాత్రమే, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

వెతకడం: తిప్పు, ఆగు, మూడు లెక్కపెట్టు

ఎత్తు స్కేలు మీద 64.5 పెట్టి ఆ బోల్టులు బిగించాను. పక్కకు తిరిగే క్లాంపును మాత్రం చేత్తో బలంగా తోస్తే కదిలేంత వదులుగా ఉంచాను. గుర్తుకు పది డిగ్రీలు ఎడమ నుంచి మొదలుపెట్టి కుడికి కొంచెం కొంచెంగా జరపడం. ప్రతిసారీ ఆగి మూడు లెక్కపెట్టడం. బాక్స్ సిగ్నల్‌ను పట్టుకుని క్వాలిటీ చూపించడానికి ఒకటి రెండు సెకన్లు తీసుకుంటుంది. ఆగకుండా తిప్పితే ఉపగ్రహాన్ని దాటేసి వెళ్లిపోతాం, బాక్స్‌కు అది వచ్చిందనే తెలియదు. మొదటి రోజు నా రెండో తప్పు ఇదే. ఒక వరుస అయిపోయినా దొరకకపోతే ఎత్తు ఒక డిగ్రీ మార్చి మళ్లీ అదే వరుస.

తమ్ముడు నిద్ర లేవలేదు కాబట్టి ఈసారి రెండు ఫోన్లు వాడాను. ఒకటి టీవీ ముందు నిలబెట్టి వీడియో కాల్, రెండోది నా చేతిలో. బాగా పనిచేస్తుంది. కాకపోతే కాల్‌లో కూడా ఒక సెకను ఆలస్యం ఉంటుంది, కాబట్టి మూడు కాదు ఐదు లెక్కపెట్టండి.

మూడో వరుసలో క్వాలిటీ 22 దగ్గర మెరిసింది. గుండె జల్లుమంది. బ్లైండ్ స్కాన్ పెట్టా. ఛానెళ్ల పేర్లు వచ్చాయి, కానీ అన్నింటికీ తాళం గుర్తు, డీడీ పేరు ఒక్కటీ లేదు. నేను పట్టుకున్నది పక్కింటివాణ్ణి, 95 డిగ్రీల దగ్గరున్న పెయిడ్ సర్వీస్ ఉపగ్రహాన్ని.

ఇక్కడ జాగ్రత్త. తాళం గుర్తు కనిపించగానే తప్పు ఉపగ్రహం అనుకోకూడదు, ఎందుకంటే 93.5 మీద సన్ డైరెక్ట్ పెయిడ్ ఛానెళ్లు కూడా ఉన్నాయి. డీడీ ఛానెళ్ల పేర్లు లిస్ట్‌లో ఉన్నాయా లేవా, అదే పరీక్ష.

95 నుంచి 93.5కు ఎంత జరపాలి? ఖమ్మం నుంచి చూస్తే దిక్కులో దాదాపు 3 డిగ్రీలు కుడికి, ఎత్తులో ఒక డిగ్రీ పైకి. వినడానికి పెద్దగానే ఉంది. కానీ నా స్టాండ్ పైపు మందం 38 మిల్లీమీటర్లు. దాని చుట్టూ ఒక డిగ్రీ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. మూడు డిగ్రీలంటే ఒక్క మిల్లీమీటరు. పైన కక్ష్యలో ఆ రెండు ఉపగ్రహాల మధ్య దూరం దాదాపు 1,100 కిలోమీటర్లు, నా పైపు మీద మార్కర్ గీత మందమంత. ముందు రోజు నేను చేత్తో పట్టుకుని జరిపిన ఒక్కో జరుపు ఎన్ని ఉపగ్రహాలను దాటేసి ఉంటుందో అప్పుడు అర్థమైంది.

ఎత్తు ఒక డిగ్రీ పెంచి, పైపు మీద మార్కర్‌తో గీత పెట్టి, క్లాంపును ఆ గీత నుంచి ఒక్క మిల్లీమీటరు కుడికి జరిపా. ఐదు లెక్కపెట్టా. క్వాలిటీ 54.

ఫైన్ ట్యూనింగ్: ఇక్కడ ఆపేస్తే వానాకాలం ఏడుస్తాం

క్వాలిటీ 54కి బొమ్మ వస్తుంది. చాలామంది బిగించే కుర్రాళ్లు కూడా అక్కడే ఆపేసి డబ్బులు తీసుకుని వెళ్లిపోతారు. ఎండ కాసే రోజు 54కీ 80కీ తేడా కనపడదు, వాన రోజు కనపడుతుంది. ఈ సిగ్నల్ తరంగం పొడవు 2.7 సెంటీమీటర్లే కాబట్టి పెద్ద వాన దాన్ని బాగా మింగేస్తుంది. మనం దాచిపెట్టుకున్న మిగులే ఆ రోజు అక్కరకొస్తుంది.

ముందు దిక్కు. క్వాలిటీ 40కి పడేదాకా నెమ్మదిగా ఎడమకు జరిపి పైపు మీద గీత పెట్టండి. తర్వాత కుడికి జరుపుతూ అటువైపు మళ్లీ 40కి పడేచోట ఇంకో గీత. ఆ రెండు గీతల నడిమి చోటే మీది. "ఎక్కువ చూపించిన చోటు" కోసం వెతికితే అంకె ఊగుతూ మోసం చేస్తుంది, అంచులు పట్టుకుని మధ్యకు రావడం ఖాయమైన దారి. ఎత్తుకు కూడా ఇదే పద్ధతి.

తర్వాత ఎల్ఎన్‌బీ మెలిక. దీన్ని స్క్యూ అంటారు. ఉపగ్రహం మనకు నేరుగా దక్షిణంలో లేదు కాబట్టి దాని నుంచి వచ్చే వర్టికల్ సిగ్నల్ మన దగ్గరకు చేరేసరికి వంగి ఉంటుంది. ఖమ్మంలో ఆ వంపు దాదాపు 37 డిగ్రీలు, హైదరాబాద్‌లో 40 దగ్గర. ఇది చిన్న అంకె కాదు. డిష్ ముందు నిలబడి డిష్ వైపు చూస్తూ ఎల్ఎన్‌బీని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. ఎల్ఎన్‌బీ మీద సున్నా గుర్తు ఎక్కడుందో మోడల్‌ను బట్టి మారుతుంది, కాబట్టి ఆఖరి మాట క్వాలిటీ గీతదే. నేను అప్పటిదాకా ఎల్ఎన్‌బీని నిటారుగా పెట్టేశాను. తిప్పేసరికి 66 నుంచి 81కి లేచింది. ఆ రోజు నాకు దొరికిన అతిపెద్ద ఉచిత లాభం అదే.

చివరగా బిగింపు. ఒక బోల్టు పూర్తిగా బిగించి తర్వాత ఇంకోటి బిగిస్తే డిష్ పక్కకు లాగుతుంది. పావు చుట్టు ఇది, పావు చుట్టు అది, కళ్లు క్వాలిటీ మీద. అన్నీ అయ్యాక డిష్ అంచును వేలితో కొంచెం నొక్కి వదిలి చూడండి. ఏ వైపు నొక్కినా క్వాలిటీ తగ్గాలి, వదిలితే తిరిగి రావాలి. ఏదైనా ఒక వైపు నొక్కితే పెరుగుతోందంటే ఇంకా నడిమికి రాలేదని అర్థం.

బిగించాక వచ్చే అనుమానాలు

కుండపోత వానలో రెండు మూడు నిమిషాలు బొమ్మ ఆగితే డిష్ ముట్టుకోకండి, అదే వస్తుంది. చిన్న తుంపరకే పోతుంటే మాత్రం ఫైన్ ట్యూనింగ్ సరిగ్గా జరగలేదు, లేదా కనెక్టర్‌లోకి నీళ్లు వెళ్లాయి.

మార్చి మధ్యలో, మళ్లీ సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో కొన్ని రోజులు పొద్దున 11 గంటల ప్రాంతంలో కొద్దిసేపు సిగ్నల్ పోవచ్చు. ఆ సమయానికి సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు, ఆయన హోరు ముందు ఉపగ్రహం గొంతు వినపడదు. ఆ సమయానికి డిష్ నుంచి మళ్లిన ఎండ వెలుగు ఎల్ఎన్‌బీ నోటి మీద పడుతోందో లేదో చూస్తే మీ గురి ఎంత సరిగ్గా ఉందో కూడా ఆ రోజుల్లో కంటికే కనిపిస్తుంది.

ఎవరు చేయకూడదు?

రేకుల ఇల్లు, పెంకుటిల్లు అయితే పైకెక్కకండి, నేల మీద స్టాండ్ పెట్టుకునే దారి చూడండి. డాబాకు దగ్గరగా కరెంటు తీగలు పోతుంటే ఈ పని మీది కాదు, పొడవాటి ఇనుప పైపు చేతిలో ఉంటుందని మర్చిపోకండి. పిట్టగోడ లేని మేడ అంచున ఒంటరిగా పనిచేయకండి. ఉరుములు మొదలైతే ఎక్కడి పని అక్కడ వదిలేసి దిగండి. అపార్ట్‌మెంట్ అయితే ముందు అసోసియేషన్‌ను అడగండి. పెయిడ్ డీటీహెచ్ కొత్త కనెక్షన్‌తో ఇన్‌స్టలేషన్ కలిపి ఇస్తుంటే వాళ్లతోనే చేయించుకోండి, పక్కన నిలబడి ఎల్ఎన్‌బీ తిప్పాడో లేదో మాత్రం చూడండి.

మిగతా అందరూ నిరభ్యంతరంగా చేసుకోవచ్చు. ఈ పనికి బలం అక్కర్లేదు, ఖరీదైన మీటర్ అక్కర్లేదు. స్ట్రెంత్‌ను మర్చిపోయి క్వాలిటీని చూడటం, మిల్లీమీటర్లలో జరపడం, జరిపిన ప్రతిసారీ ఆగడం వస్తే చాలు.

ఆ ఆదివారం పదకొండింటికి స్కాన్ అయిపోయింది. లిస్ట్‌లో డీడీ యాదగిరి దొరికింది. రిమోట్ నాయనమ్మ చేతిలో పెట్టి ఆ నంబర్ ఒక కాగితం మీద పెద్దగా రాసి టీవీ పక్కన అంటించాను. ఆమె కుర్చీ జరుపుకుని కూర్చుంది, సౌండ్ ఎప్పట్లాగే బాగా పెంచింది. నేను పానాలు సర్దుకుంటుంటే అంది: "వానకు పోతే మళ్ల రావాలె నువ్వు."

జూలైలో రెండు రోజులు ముసురు పట్టినప్పుడు నేనే ఫోన్ చేసి అడిగాను. పోలేదట. కొంచెం నిరాశగా కూడా అనిపించింది నాకు ఆమె గొంతు. వచ్చే నెల ఊరికే వెళ్లొస్తాను, కనెక్టర్ టేపు చూసే పని ఎలాగూ ఉంది.